తొమ్మిదో తారీఖు వాక్యం

ఇంగ్లీషువాళ్ళంత పిసినారులు లోకంలో లేరని నేను క్లాసులో మొదటిరోజే చెబుతాను. మనం మాత్ర వేసుకుంటాం, బస్సు ఎక్కుతాం, ఫోటో తీస్తాం, సెలవు పెడతాం, పరీక్ష రాస్తాం. ప్రతి పనికీ దానిదంటూ ఒక మాట ఉంది మనకు. వాళ్ళు మాత్రం వీటన్నిటికీ 'టేక్' అన్న ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటారు, ఊళ్ళో బండ్లన్నిటికీ ఒకే ఎద్దును కట్టినట్టు. ఆ ఎద్దును మచ్చిక చేసుకుంటే సగం ఇంగ్లీషు వచ్చినట్టేనని నా సిద్ధాంతం. ముప్పై ఆరేళ్ళు కేజీఎఫ్‌లో బడిపిల్లలకు ఇదే చెప్పాను. రిటైరయ్యాక వేమగల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళకు చెప్పాను. ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు.

ఆ ఫ్యాక్టరీలో ఇనుపరేకులను ప్రెస్సుల కింద పెట్టి కార్లకు కావలసిన చిన్నచిన్న భాగాలు కొడతారు. బయటి దేశాలనుంచి కొనేవాళ్ళు వచ్చి చూసి పోతుంటారు. వచ్చినవాళ్ళు పలకరిస్తే ఈ ఆడవాళ్ళు తెల్లమొహం వేయకూడదని నన్ను పిలిచారు. హెచ్ఆర్ ఆఫీసరు శివరాజ్ పదిహేను వాక్యాలు టైపు చేయించి నా చేతిలో పెట్టాడు. 'నేనిక్కడ సంతోషంగా ఉన్నాను' అన్నది వాటిలో మొదటిది. ఇవి బట్టీ పట్టిస్తే చాలు సార్ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బట్టీ పట్టించడానికైతే చిలకజోస్యం వాణ్ణి పిలుచుకోమన్నాను. కుర్రవాడు నవ్వి ఊరుకున్నాడు.

నా పద్ధతి వేరు. నా క్లాసులో అబద్ధపు వాక్యానికి చోటు లేదు. 'రాముడు మామిడిపండు తినెను' అని రాస్తే ఏ రాముడు, ఏ తోటలో పండు అని అడుగుతాను. నిన్నటినుంచి ఈరోజు దాకా మీ కళ్ళముందు జరిగిందే రాయాలి. నిజమైతే తప్పులు దిద్ది టిక్కు పెడతాను, అబద్ధమైతే అడ్డంగా కొట్టేస్తాను. ప్రతి పేజీ కింద ఎర్రసిరాతో తేదీ వేసి, పేరంతా వచ్చేలా సంతకం చేస్తాను. నెలాఖరులో నోట్సులన్నీ శివరాజ్ ఆఫీసుకు పోతాయి, అట్టమీద సీలు పడి తిరిగి వస్తాయి. ఆ సీలు వేసేవాళ్ళు లోపల ఒక్క పేజీ కూడా తిప్పరని నాకు తెలుసు. ఆడవాళ్ళకు తెలియదు. చెప్పాలని నాకు తోచలేదు.

పద్నాలుగు మంది వచ్చేవాళ్ళు, వారానికి మూడు రోజులు, షిఫ్టు అయ్యాక ఒక గంట. అందరిలోకి పెద్ద నరసమ్మ. నలభై ఆరేళ్ళు, కన్నడంలో ఐదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు నేను దిద్దించినవే. తన పేరు ఇంగ్లీషులో సంతకం చేయడం వచ్చిన రోజు క్లాసంతా కోడుబళెలు, మన చేగోడీల్లాంటివి, పంచింది. 'టేక్' మొదలుపెట్టిన రోజు, నేను రోజూ రాగిముద్ద 'టేక్' చేస్తాను అని రాసుకొచ్చింది. తినడానికి 'ఈట్' అనాలమ్మా అని దిద్దబోయాను. ఒప్పుకోలేదు. ముద్దను నమిలి తినేవాళ్ళు ఎవరు సార్, తుంచి పులుసులో అద్ది మింగేదే కదా, 'ఈట్' అంటే నమిలేదని మీరే చెప్పినారు అంది. కోలారు జిల్లాలో పుట్టి దానికి జవాబు చెప్పగలిగినవాడు ఎవడూ లేడు. ఓడిపోయి టిక్కు పెట్టాను.

ఆమె పక్క మెషీను చంద్రికది. లక్కూరు పిల్ల. ఇంట్లో పట్టుపురుగుల పెంపకం. తండ్రి చిక్కవెంకటప్పకు తాగుడు జబ్బు తగులుకోవడంతో డిగ్రీ మధ్యలో ఆపి ఈ పనిలో చేరింది. మనిషి ఎక్కువ మాట్లాడదు. కాని వాక్యం మాత్రం పొల్లుపోకుండా తెచ్చేది. నేను టిక్కు పెట్టేదాకా బల్ల దగ్గరే నిలబడి, సంతకం పడిందని చూసుకొని వెళ్ళేది. నా అక్షరాలంటే గౌరవం కాబోలు అనుకొని మురిసిపోయాను. ఆ మురిపెం ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆగస్టు రెండో తారీఖున ఆ పిల్ల రాసింది: ఒక పీసు కొట్టడానికి తొమ్మిది సెకన్లు 'టేక్' అవుతుంది. కాలం పట్టడం గురించి ఆ రోజు పాఠం. తప్పేం లేదు. గుడ్ అని రాశాను. ఐదో తారీఖున: గార్డు ఉంటే ఇంకా రెండు సెకన్లు పడుతుంది. గార్డంటే చేతులు ప్రెస్సు కిందికి పోకుండా ముందు అడ్డంగా బిగించిన ఇనుపజాలీ. ఒక మాట ముందువెనకలైతే సరిచేశాను. తొమ్మిదో తారీఖున: సూపర్‌వైజరు కేశవ నాలుగో మెషీను గార్డు 'టేక్‌డ్ ఆఫ్' చేశాడు. 'టేక్‌డ్' కాదు, 'టుక్' అని ఎర్రగా దిద్దాను. 'టేక్ ఆఫ్' అంటే తీసేయడమని ఆ ముందు క్లాసులోనే చెప్పాను. అందరూ చెప్పులు తీశాను, స్వెట్టరు తీశాను అని రాసుకొస్తే ఈ పిల్ల మెషీను గురించి రాసింది. ఎంత చక్కగా అన్వయించుకుందని వెరీ గుడ్ అని రాసి, చదివి వినిపించాను కూడా. క్లాసు చప్పట్లు కొట్టింది. పదహారో తారీఖున: సోమవారం నుంచి నరసమ్మక్క నాలుగో మెషీను 'టేక్' చేస్తుంది. అదీ సరిగ్గానే ఉంది. టిక్కు, తేదీ, సంతకం.

నాలుగు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి పెట్టి చదివితే ఉత్తరం అవుతుంది. నేను విడివిడిగా చదివాను. నాకు కనబడింది క్రియ ఒక్కటే.

ఇరవై ఆరో తారీఖు మధ్యాహ్నం ప్రెస్సు కింద నరసమ్మ కుడిచేతి నాలుగు వేళ్ళూ పోయాయి. బొటనవేలు మిగిలింది.

ఆ రోజు క్లాసుకని కోలారు బస్టాండులో కంపెనీ వ్యాను కోసం నిలబడి ఉన్నాను. డ్రైవరు ఫోను చేసి క్లాసు లేదన్నాడు, ఎందుకో చెప్పాడు. ఎన్నో నంబరు మెషీను అని అడిగాను. ఆ ప్రశ్న నా నోటినుంచి ఎలా వచ్చిందో తెలియదు. నాలుగు అన్నాడు. అక్కడే సిమెంటు బల్ల మీద కూర్చున్నాను.

పది రోజుల తరువాత శివరాజ్ రమ్మన్నాడు. అతని బల్ల మీద చంద్రిక నోట్సు ఉంది. పక్కనే రెండు కాగితాలు. కాఫీ తెప్పించి, చల్లారేదాకా ఊళ్ళో వానల గురించి మాట్లాడాడు. తరువాత విషయం చెప్పాడు. పీసులు తొందరగా పడాలని నరసమ్మే గార్డు ఊడదీసుకుందని కంపెనీ విచారణలో తేలిందట. సూపర్‌వైజరు కేశవ కూడా అదే చెప్పాడట. ఈ చంద్రిక మాత్రం లేచి నిలబడి, కేశవే తీసినాడు, తొమ్మిదో తారీఖే ఆఫీసుకు రాసి ఇచ్చినాను అందట. ఏ ఆఫీసుకు ఇచ్చినావమ్మా అంటే తన ఇంగ్లీషు నోట్సు చూపించిందట.

"అర్జీ అనుకొండాది సార్ ఆ పిల్ల," అన్నాడు శివరాజ్. "హోంవర్కును."

అప్పుడు నాకు తెలిసింది, ఆ పిల్ల బల్ల దగ్గర ఎందుకు నిలబడేదో. తాలూకా ఆఫీసులో తండ్రి పట్టాదారు కాగితానికో, కరెంటు మీటరుకో అర్జీ ఇచ్చినప్పుడల్లా నకలు మీద గుమాస్తా సంతకం వేయించుకొని వచ్చేవాడు. సంతకం పడితే చేరినట్టు, పడకపోతే పోయినట్టు. వాళ్ళింట్లో అదే చదువు. కంపెనీ పెట్టిన క్లాసు, కంపెనీ పిలిచిన మేష్టరు, తేదీతో సంతకం, ఆపైన ఆఫీసు సీలు. ఇంకేం కావాలి. కన్నడంలో నోటితో చెబితే కేశవ వినలేదు కాబట్టి, పైవాళ్ళ భాషలో రాతపూర్వకంగా చెప్పింది. నేను 'టేక్‌డ్' తప్పని దిద్ది చేతికిచ్చాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

శివరాజ్ రెండు కాగితాలూ నా వైపు తిప్పాడు. మొదటిది విచారణ నివేదిక. దాని చివర 'ఓన్ నెగ్లిజెన్స్' అని ఉంది. ఆ మాట నాకు కొత్త కాదు. మా నాన్న కేజీఎఫ్‌లో ఒక కలప కంట్రాక్టరు దగ్గర గుమాస్తా. పాడైన ఫారాలు ఇంటికి తెచ్చేవాడు, వెనకవైపు ఖాళీగా ఉండేది, నేను ఎక్కాలు రాసుకునేవాణ్ణి. కూలీకి దెబ్బ తగిలితే నింపే ఫారాలవి. పేరు, తేదీ నింపడానికి ఖాళీ ఉండేది కాని కారణం మాత్రం ముందే అచ్చయి ఉండేది. 'ఓన్ నెగ్లిజెన్స్.' స్వయంకృతం. ఏబీసీడీల తరువాత నేను కూడబలుక్కొని చదివిన మొదటి ఇంగ్లీషు అదే.

రెండో కాగితం నాకోసం. ఈ నోట్సులోని వాక్యాలు శిక్షణ నిమిత్తం నేను చెప్పిన ఉదాహరణలనీ, నిజంగా జరిగిన వాటితో సంబంధం లేదనీ అందులో ఉంది. శివరాజ్ మెత్తగానే మాట్లాడాడు. సంతకం పెడితే చంద్రిక మీద చర్య ఉండదు, పిల్ల పని పిల్ల చేసుకుంటుంది. పెట్టకపోతే తెలిసీ సరైన చోట చెప్పలేదని ఆమెనే అడుగుతారు. ఆ తరువాత ఆ వాక్యాన్ని చదివి, మెచ్చుకొని, సంతకం చేసినవాణ్ణి అడుగుతారు. మీకు ఈ వయసులో ఎందుకు సార్ ఇదంతా అన్నాడు.

భయం వేసింది. ఉన్నమాట చెబుతున్నాను, చంద్రిక కోసం కాదు. పేపరులో నా పేరు వస్తుందని, కేజీఎఫ్‌లో నా దగ్గర చదివిన వందలమంది చదువుతారని భయం వేసింది. ఆ భయానికి చంద్రిక ఉద్యోగం అనే శాలువా కప్పి సంతకం చేశాను. పేరంతా వచ్చేలా, తేదీతో, అలవాటు ప్రకారం.

ఇంటికి వచ్చి ప్రేమతో, అంటే నా భార్యతో, ఒక ఆడపిల్ల ఉద్యోగం నిలబెట్టి వచ్చానని చెప్పాను. బ్యాంకులో ముప్పై ఏళ్ళు కౌంటరు వెనక కూర్చున్న మనిషి, సంతకాల సంగతి ఆమెకు చెప్పక్కర్లేదు. కూరగాయలు తరుగుతూ అంతా విని, కత్తిపీట పక్కన పెట్టింది.

"ఆ ఇంగో ఆమె వేళ్ళు ఎవరు తీసినట్టు అయింది ఇప్పుడు?" అంది.

 

తరువాతి మంగళవారం పొద్దున పదిగంటలకు కేజీఎఫ్ రాబర్ట్‌సన్‌పేటలో మా ఇంటి గేటు చప్పుడైంది. చంద్రిక, వెనకే నరసమ్మ. కోలారులో బస్సు మారి, ఇల్లు అడుక్కుంటూ వచ్చారట. చంద్రికను పని నుంచి తీసేయలేదు. రమ్మనేదాకా ఇంట్లో ఉండమన్నారట, అంతే. నరసమ్మకు మాత్రం, సొంత తప్పు కాబట్టి ఉద్యోగం లేదని కాగితం వచ్చింది. కుడిచెయ్యి కట్టుతో తెల్లగా, పొట్టిగా ఉంది. దాన్ని కొంగు కింద దాచుకుంది.

ప్రేమ రవ్వ వేయించి ఉప్పిట్టు చేసి పెట్టింది. నరసమ్మ పళ్ళెంలో చెంచా వేసి ఇచ్చింది. నరసమ్మ చెంచాను ఎడమచేత్తో పట్టుకుంది. రెండుసార్లు ఒళ్ళో ఒలకబోసుకొని, చెంచా పక్కన పెట్టి, పళ్ళేన్ని నోటి దగ్గరికి ఎత్తుకుంది. అందరం చూడనట్టు నటించాం. అయినా ఆమే నా వైపు చూసి నవ్వింది.

"ముద్ద గూడా మా కోడలే తుంచి నోట్లో పెడ్తాది సార్. ఎడమచేత్తో మింగేదానికి మనసొప్పదు. ఇంగ 'టేక్' అని రాయను, ఆ యమ్మి పెడ్తాది అని రాయల్ల."

నాకు ఏడుపు వచ్చింది. కళ్ళద్దాలు తుడుచుకునే వంకతో గోడవైపు తిరిగాను.

చంద్రిక ఏమీ తినలేదు. సంచిలోంచి కొత్త నోట్సు తీసింది. పాతది వాళ్ళ దగ్గరే ఉండిపోయిందని చెప్పి, మొదటి పేజీ తెరిచి నా ముందు పెట్టి, ఎప్పటిలాగే బల్ల పక్కన నిలబడింది. పేజీలో ఒకే ఒక్క వాక్యం ఉంది.

మై టీచర్ టుక్ మై సెంటెన్సెస్.

నా వాక్యాలు మా మేష్టరు తీసుకున్నారు. పెన్ను అందుకున్నాను, అలవాటు కొద్దీ తప్పు కోసం వెతికాను. ఏదైనా తప్పు ఉండాలని దేవుణ్ణి వేడుకుంటూ వెతికాను. ఒక్క అక్షరమైనా పొల్లుపోతే దాన్ని పట్టుకొని తప్పించుకుందునేమో. 'టేక్‌డ్' అని రాసిన పిల్ల 'టుక్' అని రాసింది. అది నేను దిద్దినదే. ఒక్క తప్పూ లేదు.

"మీ ఉదాహరణలంట సార్ అవి, శివరాజ్ సార్ చదివి చూపించినారు. కింద మీ సంతకమే ఉండాది," అంది చంద్రిక. గొంతు పెంచలేదు. "నేను తప్పు చేసినాను. నోట్సులో రాస్తే చేరినట్టే అనుకొంటిని. అది నాకు తెలీక. మీకు తెలుసు గదా సార్. నిజమైతే టిక్ పెడ్తాను, అబద్ధమైతే కొట్టేస్తానని మీరే చెప్పినారు. దీనికి ఏదో ఒకటి పెట్టండి. పెడితే పోతాము."

నా వయసులో సగం లేని పిల్ల. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టితే నాకూ కోపం వచ్చేది, నా కోపం నన్ను ఎప్పుడూ ఆదుకుంటుంది. ఆ పిల్ల నా పద్ధతినే నా ముందు పెట్టి నిలబడింది. ముప్పై ఆరేళ్ళుగా నేను పొగరుగా చెప్పుకున్న పద్ధతి అది. దాని పరీక్షకు నేను కూర్చోవడం అదే మొదటిసారి.

టిక్కు పెట్టాను. తేదీ వేశాను. పేరంతా వచ్చేలా సంతకం చేశాను. తరువాత దాని కింద ఇంకో మూడు వాక్యాలు రాశాను. ఆ నాలుగు వాక్యాలూ చంద్రికవేనని, నేను చెప్పినవి కావని రాశాను. ఆగస్టు తొమ్మిదిన గార్డు తీసేసిన సంగతి చదివి కూడా ఎవరికీ చెప్పలేదని రాశాను. ఆ తరువాత భయపడి అబద్ధపు కాగితం మీద సంతకం చేశానని రాశాను. రాశాక ఊపిరి ఆడింది.

నరసమ్మ కుర్చీలోంచి ముందుకు వంగింది.

"ఇంగ ఆఫీసుకు చేరినట్టేనా సార్?" అంది.

"చేరలేదమ్మా," అన్నాను. "సంతకం పడితే చేరదు. మోసుకొని పోవల్ల. ఇది ఆ పొద్దే చెప్పాల్సినది నేను."

ప్రేమ అప్పటికే నా చెప్పులు గుమ్మంలో పెట్టింది.

కోలారులో కార్మిక శాఖ ఆఫీసుకు చేరేసరికి రెండున్నర అయింది. గుమాస్తా భోజనం చేసి వచ్చాడు. వయసులో ఉన్నవాడే, ఓపికగా విన్నాడు. నోట్సు పేజీ ఫోటో తీసుకున్నాడు, ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పాడు. నేను చెబుతుంటే చంద్రిక కన్నడంలో రాసింది. నేను చెబుతున్నా ఆ పిల్ల తనకు నిజమనిపించిన మాటే రాసింది. రెండుచోట్ల నా మాట మార్చింది. మార్చినవే బాగున్నాయి. సాక్షుల చోట నా పేరు మొదట రాయమన్నాను. దాంతో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఇన్‌స్పెక్టరు వెళ్ళేసరికి నాలుగో మెషీనుకు కొత్త జాలీ బిగించే ఉంటారు. చంద్రికకు ఆ పని మళ్ళీ దొరకదు, అది ఆమెకూ తెలుసు. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇందులో నా పిడికిలి చిన్నదేం కాదు.

గుమాస్తా కాగితం నరసమ్మ వైపు తిప్పి, కట్టు చూసి, ఇంకుప్యాడు ముందుకు జరిపాడు. ఎడమ బొటనవేలు వేయమ్మా చాలు అన్నాడు.

నరసమ్మ ప్యాడు వెనక్కి నెట్టింది.

"సంతకం నేర్చుకొన్నాను నేను. కొంచెం తడవు పడ్తాది, ఉండండప్పా," అంది.

చంద్రిక కాగితం కదలకుండా పట్టుకుంది. నరసమ్మ ఎడమచేత్తో పెన్ను పిడికిట పట్టుకొని, ఒక్కో అక్షరాన్నీ ముందు పెదవులతో పలికి, తరువాత గీసింది. ఆ తొమ్మిది అక్షరాలూ నేను దిద్దించినవే. చాలాసేపు పట్టింది. గుమాస్తా గడియారం చూడలేదు. మధ్యలో ఎస్ అక్షరం తిరగబడింది. నా చేతిలో ఎర్రపెన్ను ఉంది. నేను దిద్దలేదు.